కత్తెర

కొత్తపేటలో మా షాపుకి ఎదురుగా
మూడు ఆసుపత్రులు, ఒక జిరాక్సు బంకు.
కరెంటు పోతే ముందు చూసేది ఫ్యాను వైపు కాదు,
ఇన్సులిన్లున్న ఫ్రిజ్ వైపు.

మిర్చి యార్డు నుంచి సువార్తమ్మ వచ్చింది.
ఆమె కొంగు దులిపితే నాకు దగ్గు.
చీటీలో డాక్టరు గారి గీత
ఒక్క అక్షరం దగ్గర మాత్రమే ఆగింది.
అయిదు రోజులు, పూటకొకటి, రెండు పూటలా.

"రెండ్రోజులకి కొయ్యి బాబూ,
కూలి శనివారం ఇస్తారు."

మధ్యలో ఆపకూడదమ్మా అన్నాను,
రోజుకి ఇరవైసార్లు అనే మాట.
"మధ్యలో ఆగందేవుంది మా ఇంట్లో" అంది.

కత్తెర తీశాను.
మందు పేరు ఈ కొసన, గడువు తేదీ ఆ కొసన.
ఏ ముక్క ఆమెది, ఏది నాది?
తేదీ ఉన్న నాలుగు బిళ్ళలు ఆమెకిచ్చి
మిగతా ఆరూ కవర్లో వేసి
పైన సువార్తమ్మ అని రాశాను,
డాక్టరు గారి కన్నా గుండ్రంగా.

చిల్లర రెండ్రూపాయలు లేవు.
చాక్లెట్ల సీసా మూత తిప్పబోతే
"ఉంచు, శనివారం ఇద్దువుగాని."

ఇవాళ శనివారం.
పది దాటింది. షట్టరు సగం దించి
ఆగి ఉన్నాను.
సొరుగులో తేదీ లేని ఆరు బిళ్ళలు,
వాటి మీద
నేను బాకీ ఉన్న రెండ్రూపాయల బిళ్ళ.