ఆరంగుళాల పళ్లెం

గోనెసంచిలో రెండు కాయిళ్లు.
ఒకటి విస్తరాకంత, పదిహేనంగుళాలు.
ఇంకోటి నా అరచేతికి కాస్త పెద్దది, ఆరు.

ఆదివారం జనం తొక్కి వదిలేసిన బీచి
సోమవారం తెల్లారకట్ల నాది.
సబ్‌మెరైన్ నీడ దాటి ఇసకలోకి దిగితే
మామూలుగా విస్తరాకుదే రాజ్యం:
ఒక్క ఊపుకి మూరెడు వెడల్పు, జానెడు లోతు.
షిప్‌యార్డులో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన భుజం
దాని బరువుకి మూలుగుతుంది గానీ
పాత బిళ్లల ఆశకి ఓర్చుకుంటుంది.

ఇవాళ అలా కాదు.
పొత్తులు కాల్చే నూకరత్నం ముక్కుపుడక పోయింది.
నిన్న సాయంత్రం తుమ్మితే ఊడిపడిందట.
అరగ్రాము. మినపగింజంత.

"పెద్దదాంతో ఎతకండి బాబూ,
బేగి దొరుకుతాది కదేటి?"
అందరూ అదే అంటారు.

ఎలా చెప్పను?
పెద్ద కాయిల్‌ది పెద్ద చెవి,
పెద్ద చెవికి గుసగుస ఆనదు.
సోడా మూతలు, సిగరెట్ రేకులు, గొడుగు చువ్వలు
ఒక్కసారే అరుస్తుంటే
మధ్యలో అరగ్రాము బంగారం
పెళ్లి పంక్తిలో మారు అడగలేని పిల్ల.
పైగా, అల వెనక్కెళ్లాక
కాటుక చారల్లా మిగిలే ఈ నల్ల ఇసక,
ఏమీ లేకపోయినా ఉన్నట్టు కూస్తుంది.
ఎంత పెద్ద పళ్లెం పెడితే
అంత అబద్ధం వడ్డిస్తుంది.

ఆరంగుళాలది బిగించాను.

దీనికో షరతు ఉంది.
పెద్దది ఎవర్నీ ఏమీ అడగదు,
నేలంతా తనే తుడుచుకుపోతుంది.
చిన్నదానితో వెతకాలంటే
ముందు మనిషిని అడగాలి.
ఎక్కడ కూచున్నావు?
తుమ్మింది సముద్రం వేపా, రోడ్డు వేపా?
బొగ్గులు ఎటు దులిపావు?

నూకరత్నం కళ్లు మూసుకుంది.
లేని కుంపటి ముందు చతికిలబడి
లేని విసనకర్ర ఊపింది.
"పొగ ఇటేపొచ్చింది...
అంటే నానిటు తిరిగుంటాను..."
చేపలోంచి ముళ్లు తీసినంత ఓపిగ్గా
నిన్నటి సాయంత్రాన్ని విడదీసింది.
చివరికి చాపంత చోటు మిగిలింది.
బొగ్గుముక్కలు పాతి హద్దులు పెట్టింది తనే.

ఇసకకి వేలెడు ఎత్తులో, వంగి,
సగం ఊపు మీద సగం ఊపు ఎక్కిస్తూ.
మూత.
మూత.
మేకు.
వలగుండు, సీసానిది, ఆమె చూసి జేబులో వెయ్యమంది.
ఔటర్ హార్బర్ బయట లంగరేసిన ఓడల మీద
దీపాలు ఒక్కోటీ ఆరుతున్నాయి.
మళ్లీ మూత.

అప్పుడు హెడ్‌ఫోన్లో
చంటిపిల్ల నిద్రలో చప్పరించినంత.

వెంటనే తవ్వలేదు.
కాయిల్‌ని అక్కడక్కడే ఊపుతూ
హెడ్‌ఫోన్ తీసి ఆమెకి తగిలించాను.
"ఏటీ ఇనబళ్లేదు" అంది.
తర్వాత మాట్లాడలేదు.
మసి చెయ్యి నెమ్మదిగా పైకి లేచి
ముక్కు దగ్గర ఆగింది,
రంధ్రం పూడిపోకుండా
రాత్రి గుచ్చుకున్న చీపురుపుల్ల మీద.