ఇరవై సెకన్లు

వర్దో రేవులో జనరేటర్ ఆపే వేళ.
బ్యాటరీ పదకొండు శాతం.
చేతితొడుగు పళ్ళతో లాగి
ఒంటి వేలితో మీట నొక్కింది గున్‌వోర్:
ఇక పడుకో.

కంప్యూటర్ పడుకోవడమంటే
దీపం ఆర్పేసినట్టు కాదు.
ముందు లోపల గడప గడపకీ కబురు వెళుతుంది:
ఎక్కడి పని అక్కడ ఆపండి,
చేతిలో తాళం ఉంటే పెట్టేసి మరీ ఆగండి,
దాన్ని పట్టుకుని మీరు కునికితే
ఆ తలుపు ముందు ఊరంతా నిలబడిపోతుంది.
చంపడం లేదు ఎవర్నీ.
లేచాక ఇదే మాట సగంలోంచి అందుకుందురు గాని.

గడియారం చూపేది ఆగింది.
అలల ఎత్తు లెక్కేసేది
మూడో అంకె మీద కాలు మోపి ఆగింది.
పాట వినిపించేది ఆగింది,
గాయని నోరు ఇంకా తెరిచే ఉంది.

నూట ఎనభై రెండు సద్దుమణిగాయి.
ఒక్కటి వినలేదు.

ఐదు సెకన్లు.
పన్నెండు.
మొండితనం కాదు దానిది.
జలసంధికి అవతల ఉన్న డిస్కుని
ఏదో అడిగింది, జవాబు రాలేదు.
వచ్చేదాకా దానికి చెవులుండవు.
నిద్ర నటించేవాణ్ణి లేపలేమంటారు,
జవాబు కోసం కాచుక్కూర్చున్నవాణ్ణి
పడుకోబెట్టనూ లేం.

ఇరవై.
యంత్రమే ఓడిపోయి అందర్నీ లేపేసింది.
గడియారం ఇరవై సెకన్లు ఒక్క గంతులో దూకింది.
గాయని నోరు మూసింది.
గున్‌వోర్ తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.

పేరు చూసింది: ఐలు రాసిన ప్రోగ్రామే,
ఆటుపోట్లు చదివేది.
చంపబోయింది. చావదది,
చావమన్న మాటా వినాలి కదా.

బయట ఐలు యాంటెన్నా స్తంభం ఎక్కి
తీగ మొదట్లో బిగిసిన మంచుని
స్పానర్‌తో కొడుతున్నాడు.
ఠంగ్. ఠంగ్. ఒక పెళ్ళ రాలి
గాలి ఎటో ఎత్తుకుపోయింది.

జవాబు వచ్చింది:
రెండు మీటర్ల ముప్పై ఒకటి.
అంతే. అంతమాత్రానికే.
అది ఆ అంకె రాసుకుంది, తాళం పెట్టేసింది,
అప్పుడు వినపడింది దానికి కబురు.

“పడుకుందా?” పైనుంచి కేక.
“పడుకుంది. నీదే ఆఖరు.”

ఎనిమిది శాతం.
మూతమీద చిన్న దీపం
ఊపిరి తీస్తున్నట్టు వెలిగి, తగ్గి, వెలిగి.
జనరేటర్ చప్పుడు ఆగాక గానీ
గున్‌వోర్‌కి తెలియలేదు
తొడుగు ఇంకా పళ్ళ మధ్యే ఉందని.