ముద్ర పడని తూకం

ప్రొద్దుటూరు, బంగారంగళ్ల వీధి.
కింద శెట్టిగారి త్రాసు, పైన నా కుర్చీ,
మధ్యలో పదమూడు మెట్లు.
'దస్తగిరి విచారణలు' అని బోర్డు రాయించినా.
'రహస్యం గ్యారంటీ' అన్నది పెయింటరు సొంత కవిత్వం.

లైసెన్సు కోసం మున్సిపాలిటీకి పోయినా ఒకతూరి.
గుమాస్తా కళ్లద్దాలు నొసటికెత్తి
వేలు తడి చేసుకుని పుస్తకం తిప్పినాడు.
సోడా బండికి ఉంది, రంపపు మిల్లుకు ఉంది,
కోడిని కోసేటోనికి ఉంది, క్షవరానికీ ఉంది.
ఎదుటోని గడప మీద కన్నేసి కూర్చునే పనికి
గడి లేదు.
"జిరాక్సు అని రాసుకుందామా?" అన్నాడు.
సరే అన్నా.
మనుషులకు నకళ్లు తీసేవాణ్నే కదా.

ఆ రసీదుతోనే ఆరేండ్లు.
పెండ్లి విచారణ మూడు వేలు, మొగుని విచారణ ఐదు.
టీకొట్టు బెంచీ మీద
ఎన్ని సంసారాలు ఊదుకుంటా తాగినానో.

ఏటా ఎండాకాలం తూనికల శాఖ నుంచి
కింది అంగడికి ఒకామె వస్తాది, ఓబులేశ్వరి.
రాయి రాయికీ ముద్ర కొడతాది.
గురిగింజెత్తు తేడా వచ్చినా శెట్టికి జరిమానా.
ఆ టంగుమనే చప్పుడు నా బల్లదాకా వినపడతాది.
ఈసారి చప్పుడాగినాక
చెప్పులు మెట్లెక్కినాయి.

"మైదుకూరు సంబంధమోళ్లకు ఇది రాసిచ్చింది మీరేనా?"
నా చేతిరాతే.
'ప్రతి మంగళారం సాయంత్రం
పెన్న వంతెన అవతల ఒకరింట్లో రెండు గంటలుంటుంది.'
"ఉంటా. అక్కడొక ముసలాయన, చూపు లేదు,
పేపరు చదివి వినిపిస్తా.
మీరు వాకిలిదాకా వచ్చి ఆగిపోయినారు.
ఇందులో అబద్ధమేమీ లేదులెండి."

తిట్టింటే తట్టుకునేవాణ్ని.
సంచీలోంచి అన్నిట్లోకీ చిన్న రాయి తీసి
ఆ కాగితం మీద పెట్టింది,
ఫ్యాను గాలికి ఎగరకుండా.
"మిమ్మల్నెవరు తూస్తారు?"

నిజంగానే అడిగింది. జవాబు కోసం నిలబడింది.
తర్వాత రాయి మాత్రం తీసుకుని దిగిపోయింది.

సోమవారం మళ్లీ మున్సిపాలిటీ.
పాత గుమాస్తా రిటైరైనాడంట,
కొత్త పిల్లోడు కంప్యూటరు ముందర.
"దానికి గడి లేదు సార్."
"వచ్చేదాకా కూర్చుంటా" అన్నా.
కూర్చోవడమైతే
నాకు బాగా వచ్చిన పనే.