చెవి

లాంకాస్టర్ వెనక, రేకుల షెడ్డులో
ఎనోస్ హోస్టెటర్ దగ్గర నాకిది రెండో చలికాలం.

గొట్టం కడుపులో ఏడు మెలిక గాడులు.
ఒక్కోదానికి నూటపదిసార్లు లాగాలి.
లెక్క మరిచానని చెప్పానా,
మళ్ళీ ఒకటి.

మాపుల్ కర్రకు ద్రావకం పూసి
కాల్చిన ఇనుము దగ్గరగా ఆడిస్తే
చారలు తేలాయి,
ఒళ్ళు విరుచుకుని లేచిన పులిలా.
"గీసింది నేను కాదు" అన్నాడు, ఆకురాయి దులుపుతూ.

చెకుముకిని తోలుముక్కలో బిగించాం.
ఇక మిగిలింది చెవి:
రంజకం మంట లోపలికి దూరే
సూదంత దారి.
చేతులు వణుకుతున్నాయని బర్మా నాకిచ్చాడు.

తూటు పడింది.
గొట్టం మూతికి పెదాలానించి ఊదాడు ముసలాయన.
చెవి మీద పెట్టిన నా బొటనవేలికి
తగిలింది,
మూడున్నర అడుగుల ఇనుము దాటొచ్చిన ఊపిరి,
ఇంకా గోరువెచ్చగా.