జ్ఞాపకం తీసేస్తే పదకొండు వేలు

కందుకూరులో, సబ్ కలెక్టరాఫీసు ఎదురుసందులో
పద్నాలుగేళ్లుగా నేను మనుషుల్ని బోర్లా పడుకోబెట్టి
ఒక్క వెలుగుతో నిమిరి
ఇంకో మనిషిని చేసి ఇస్తున్నాను.
కాపీ రెండు రూపాయలు.
రెండుపక్కలా అయితే మూడు.

పొగాకు గ్రేడింగు నుంచి నేరుగా వచ్చే ఆడోళ్ల చేతుల జిగురు
పాసుపుస్తకం మూలల్నించి గాజుకంటుకునేది.
స్పిరిట్టు గుడ్డతో తుడిచేవాణ్ణి.
తుడిస్తే పోయిందనుకునేవాణ్ణి.

మొన్న ఆదివారం నెల్లూరు మెకానిక్ ఖాజా మస్తాన్ వచ్చాడు
పాత మిషను బేరానికి.
వెనక మూత విప్పి
అరచేతి మందాన ఇనపడబ్బీ ఒకటి తట్టి చూపించాడు.
"దీంట్లోనే ఉండాయన్నా."
ఏంది?
"అన్నీ."

అన్నీ అంటే
వలేటివారిపాలెం మాల్యాద్రి
తమ్ముడికి తెలీకుండా తీయించుకున్న వీలునామా.
ఓగూరు రొయ్యలగుంటల కాపలావాడి వేలిముద్ర,
దస్తావేజు అడుగున, నీలంగా, కొంచెం అలుక్కుపోయి.
లింగసముద్రం టీచరమ్మ రక్తపరీక్ష.
ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఆమె
అక్షరాల మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.
నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.
మిషను తిప్పుకోలేదు.

"డబ్బీతో కలిపి పద్దెనిమిది వేలన్నా.
జ్ఞాపకం తీసేస్తే పదకొండు."
ఎందుకురా అంత తేడా?
"కొనేవాడు అట్నే చెప్పాడు.
ఎందుకని నేనడగలా."

వాణ్ణేమనేది?
నేను మాత్రం అడిగానా ఎప్పుడన్నా!
చెడిపోయిన కాపీలన్నీ కిలో పన్నెండు లెక్కన
శనక్కాయల కోటమ్మకి తూచి ఇచ్చినోణ్ణి.
ఒకనాటి సాయంత్రం పొట్లం ఖాళీ చేసి విప్పి చూస్తే
ఎవరిదో సగం మొహం
పన్నెండంకెల్లో ఏడంకెలు
మిగతా చోట ఉప్పు.
నవ్వుకుని, ఉండచుట్టి, కాలవలోకి విసిరాను.

మంచోణ్ణని చెప్పుకోను.
ఏడువేలంటే కొట్టు అద్దె పోను ఇంకా మూడువేలు.
రెండు రోజులు మనసులో తూచాను,
రెండుసార్లూ తక్కెడ డబ్బు వైపే మొగ్గింది.
వేలిముద్ర దొరికితే చాలంట,
రబ్బరు మీద పోతపోసి బ్యాంకులో డబ్బు లాగుతారంట.
అది తెలిశాక కూడా, నిజం చెప్పాలంటే,
మస్తాన్‌కి ఫోను చేద్దామని నంబరు తీశాను.

అప్పుడే కొంగుచాటు నుంచి కాగితం తీస్తా
ఎవరో ఒకావిడ, కొత్త మొహం, అడిగింది:
"చదవవుగదా అబ్బయా?"
చదవనమ్మా.
రోజుకి నాలుగుసార్లు అలవాటుగా అనే మాట
ఆరోజు గొంతులో
ఇరుక్కున్న కాగితంలాగా ఆగిపోయింది.
మూత తెరిచి లాగితే చిరిగొచ్చే రకం.

రాత్రి డబ్బీ ఊడదీసి ఇంటికి తెచ్చి
సన్నెకల్లు మీద పెట్టి రోకలితో కొట్టాను.
మూడో దెబ్బకి పైమూత లొంగింది.
లోపలి పళ్లెం మాత్రం ఎంత నునుపు!
అద్దం కూడా అంత నిక్కచ్చిగా చూపించదు మొహాన్ని.
కాసేపు చూసుకున్నాను.
తర్వాత అదీ పగిలింది,
గాజుల మలారం కిందపడ్డట్టు చప్పుడు చేసి.
పచ్చడి బండని పాడుచేశానని ఇంట్లో ఇప్పటికీ తిట్లు.

పదకొండు వేలు లెక్కపెట్టుకున్న మర్నాడే
గుడ్లూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు.
వానకి మిద్దె కూలిందంట, పెట్టె తడిసిందంట.
"పోయినేడు నీ కాడే తీయించా గదయ్యా పొలం కాగితం,
నీ మిషన్లో ఏమన్నా మిగిలుండిద్దా?"

లేదు పెద్దాయనా,
ఇక్కడేమీ మిగలదు.

ఆయన నమ్మలేదు.
కొత్త మిషను గాజు మీదికి వంగి
బావిలోకి చూసినట్టు చాలాసేపు చూశాడు.
ఊపిరికి గాజు మసకబారింది.
గుడ్డ చేతిలోనే ఉంది,
తుడవబుద్ధి కాలేదు.