ఏమీ లేదు అన్న కాగితం

రువీలో, బస్టాండు వెనక సందులో మా టైపింగు ఆఫీసు.
వీసాలు, అద్దె ఒప్పందాలు, పోయిన పాస్‌పోర్టుల అర్జీలు,
అరబ్బీలో నేను కొట్టని కష్టం లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకి భూలక్ష్మి వచ్చింది.
క్లినిక్కులో రక్తం తీసే పని. చేతులకింకా స్పిరిటు వాసన.
వెంట తొమ్మిదేళ్ల పిల్ల.
వచ్చీ రాగానే కుర్చీలో కాళ్లాడిస్తూ నా స్టేప్లరు తీసుకుంది.

"అక్కా, ఒక మనిషి మంచోడా కాదా అన్నది
కంప్యూటర్ల దొరుకుతదా?"
మందుల షాపులో అడిగినట్టు
గొంతు తగ్గించి అడిగింది.

లెక్కల ట్యూషను సారు. కొత్తగ వచ్చిండు. మూడో అంతస్తు.
తలుపేసుకుని చెప్తడు.
"ఏం చెయ్యలే అక్కా. ఉత్తగనే అడుగుతున్న.
కడుపుల ఒక తీరుగున్నది."

ఉత్తగనే అన్న మాట బరువు నాకు తెలుసు.

కొన్ని దేశాల్లో వీధి పేరు కొడితే చాలట,
అట్లాంటి మనుషులను ఫొటోతో, ఇంటి నంబరుతో చూపిస్తారట.
ఇక్కడ మనలాంటి వాళ్లకి అట్లాంటి జాబితా ఏదీ తెరుచుకోదు.
మన దేశంలో ఉన్నది పోలీసుల చేతిలోనే ఉంటుంది.
మనకి మిగిలేవి ఇరుకు దారులు:
జిల్లా కోర్టు కేసులు, పేరు, సంవత్సరం,
అక్షరాలు వంకర తిప్పి రాసిన ఆ చిన్న బొమ్మ.

సారు పేరు ఇక్కడ చెప్పను.
ఆయన తప్పు చేశాడని నాకు తెలీదు కనక.

మన పేర్లకు ఇంగ్లీషులో నిలకడ ఉండదు.
ఇంటిపేరు ముందో వెనకో,
'య్య'కి వై ఒకటో రెండో.
ఒక్క మనిషిని నాలుగు రకాలుగా కొట్టాను.
మూడుసార్లు ఏమీ లేదు.
నాలుగోసారి ఒక వరుస వచ్చింది.

భూలక్ష్మి బల్ల అంచు పట్టుకుంది.
తండ్రి పేరు వేరు. జిల్లా వేరు. వయసు అరవై ఒకటి.
మన సారుకి ముప్పై నాలుగు.
ఆమె ఊపిరి వదిలింది, నేను వదల్లేదు.
ఎవరీ అరవయ్యొకటేళ్లాయన?
కేసు నిలబడిందో, కొట్టేశారో,
ఇదే పేరున్న ఇంకెందరిని
ఇంకెందరు తల్లులు ఈ రాత్రి అనుమానించారో.

"పోలీసు సర్టిఫికెట్టు తెమ్మని అడుగు, సిగ్గుపడకు," అన్నాను.
"అడిగితే ఇస్తడా?"
"ఇస్తాడు. రోజుకి ఆరేడు అర్జీలు నేనే కొడతా.
చివరికి వచ్చేది ఒక్క వాక్యం:
ఇతనిపై ఏమీ నమోదు కాలేదు."

మా ఊరి స్టేషను రిజిస్టర్లో ఒక పేరు లేదు.
లేదని ఖాయంగా తెలుసు.
చెప్పాల్సిన నోరు నాదే.
పదకొండేళ్లప్పుడు దాన్ని
పెరుగన్నం ముద్ద పెట్టి మూశారు.

అది భూలక్ష్మికి చెప్పలేదు.
"పిల్లనడిగావా?" అన్నాను.

అడగలేదు. తెల్లమొహం వేసింది.
ఇన్ని జిల్లాలు వెతికాం,
కుర్చీలో ఉన్నదాన్ని వదిలేసి.

కింద కూర్చుని, పిల్ల మోకాళ్ల మీద చేతులేసి
"సారు దగ్గర ఎట్లుంటదే నీకు?"
పిల్ల స్టేప్లరు ఇంకోసారి నొక్కింది.
"మంచిగనే చెప్తడు.
తలుపేస్తే మాత్రం నాకు లెక్కలు రావు."
"మరి తియ్యమనకపోతివి?"
"తీస్తే ఏసీ చల్లదనం పోతదంటడు."

"పోనీ," అంది భూలక్ష్మి. "రేపటి సంది మనింట్ల.
నేనుంట. తలుపు బార్లా తీసే ఉంటది."

ఎంతక్కా అని పర్సు తీసింది.
వెతుకులాటకి బోర్డు మీద రేటు రాసిలేదు.
చాయ్ డబ్బులని రెండొందల బైసలు పెట్టి పోయింది.

షట్టరు సగం దించి
నేల మీది పిన్నులన్నీ ఏరాను. చాలానే ఉన్నాయి.
తెర మీద పేరు పెట్టె ఖాళీగా మెరుస్తోంది.

అందులో ఇంకో పేరు కొట్టాను.
దానికి నాకు తెలిసిన స్పెల్లింగు ఒక్కటే.