నిమిషానికి పదిహేడు

డండీలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
టే నది మీద వంతెన సగందాకా కనిపించి
ఆ తర్వాత మంచులోకి వెళ్లిపోయింది.

నేనీ బడిలో ల్యాబ్ అటెండర్ని.
గాజు గొట్టాలు కడుగుతాను, పగిలినవి రాసిపెడతాను,
సూర్యుడు సెలవు పెట్టిన రోజున
ఆయన డ్యూటీ టేబుల్ ల్యాంపుకి వేస్తాను.

బీకరులో జానెడు నీటిమొక్క, తలకిందులుగా.
చిటికెడు వంటసోడా.
కోసిన కాడ చివర్నుంచి
ఆవగింజంత బుడగ. ఇంకోటి.
ల్యాంపు దగ్గరికి జరిపితే హడావుడి,
దూరం జరిపితే బద్ధకం.
పిల్లలు నోట్లోనే లెక్కపెడుతున్నారు.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనేమో.

రూరీ, జేబులో ఇన్‌హేలరుండే పిల్లాడు,
పెన్సిలు కొరుకుతూ అడిగాడు:
"నా ఒక్క ఊపిరికి ఇలాంటివెన్ని కావాలి?"

టీచరుకి టైము లేదు. నాకుంది.
పాత హాజరుపట్టీ వెనక లెక్క వేశాను.
ఇంచుమించు అయిదువేలు.
నిమిషానికి పదిహేడు చొప్పున
ఈ కాడ అయిదు గంటలు ఒళ్లు వంచితే
వాడొక్కసారి గాలి పీల్చొచ్చు.
"మరి రెండోసారికి?" అన్నాడు.

కిరణజన్య సంయోగక్రియ.
చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి.
ఆ గుక్క ఎవరిదని ఎవరూ అడగలేదు.

మా ఇంట్లో గ్లాసు పెదవికి తగిలితే నేరం,
ఎత్తి పోసుకోవాలి నీళ్లు.
ఎంగిలి చెయ్యి కడుక్కునేదాకా గుమ్మం దాటనిచ్చేవారు కాదు.
ఇప్పుడు హాజరుపట్టీ వెనక తేలిందేమిటంటే
పుట్టినప్పట్నుంచీ నేను పీల్చిందంతా
ఆకు ఎంగిలి.

రూరీ డబ్బాలో చీజ్ శాండ్‌విచ్.
అదీ ఎండే.
ఒక వాయి గోధుమలో దిగింది,
ఇంకో వాయి గడ్డిలోంచి ఆవులోకి.
వంట చేసేది ఆకొక్కటే.
మిగిలిన వాళ్లమంతా, సింహంతో సహా,
బంతిలో కూర్చున్నవాళ్లం.
ఉప్పు చాల్లేదంటూ.

తాళం వేసేముందు ల్యాంపు ఆర్పాలి, రూలు.
చీకట్లో దాని దగ్గరా ఇవ్వడానికేం ఉండదు,
మనలాగే పీల్చుకోవడం తప్ప.
స్విచ్చి మీద వేలు పెట్టి నిలబడ్డాను.
కారిడార్లో మోరాగ్ బకెట్టు చప్పుడు.
కిటికీ అవతల, వీధిదీపాల కింద,
బస్సు అందుకోవాలని పరిగెడుతున్నాడు రూరీ,
నోటిముందు తెల్లగా ఆవిరి,
ఒక్కో అంగకి
ఎన్ని వేలో, ఎన్ని వేలో.